నువ్వైతే చెప్పవని

ఆ షాపులో చివరి బిల్లింగ్ కౌంటర్లో నిలబడే అమ్మాయిని అందరూ పిచ్చుక అనేవాళ్ళు. మనిషి చిన్నది, చెయ్యి చురుకు, తల ఒకచోట నిలవదు. ఒక కన్ను స్కానర్ మీద, ఒక కన్ను వరసలో ఏడుస్తున్న పసిపిల్ల మీద, ఇంకో కన్నంటూ ఉంటే అది గోడ గడియారం మీద. పక్క కౌంటర్లో ఉండే ఆమెకి నోరు మూతపడదు కాబట్టి రేడియో అని పేరు. "నిలబడీ నిలబడీ మన కాళ్ళు ట్రాలీ చక్రాలైపోతున్నాయే" అని రేడియో గొణిగితే, "చక్రాలైతే నయమే అక్కా, వాటికి అప్పుడప్పుడైనా నూనె పోస్తారు" అనేది పిచ్చుక, చేతిలో పని ఆపకుండానే.

ఆ షాపులో ఆమెకు ఒకే ఒక్క చుట్టం ఉండేది. అది కూడా కల్పించుకున్న చుట్టరికమే. సబ్బులు, క్రీములు, ప్యాడ్లు ఉండే వరసలో సామాన్లు సర్దే ఆవిడ పిచ్చుక కంటే బాగా పెద్దది, ఇద్దరు ఆడపిల్లల తల్లి. పిచ్చుక చేరిన కొత్తలో ఒకరోజు ఆమెను ఎగాదిగా చూసి, "నాకే గనక తమ్ముడుంటే వాడికి నిన్నే చేసేదాన్నే" అంది. లేని తమ్ముడి పుణ్యాన ఆవిడ వదిన అయిపోయింది. అప్పట్నుంచీ ఎదురుపడినప్పుడల్లా ఇదే వరస.

"ఏమే, మా వాడెలా ఉన్నాడు?"

"ఇంకా పుట్టలేదు వదినా."

"పుట్టగానే కబురు చెయ్యి. మీ ఇద్దరి మధ్యా తగవులొస్తే తీర్చేది నేనే కదా మళ్ళీ."

ఈ చుట్టరికం ఊరికే కలవలేదు. చేరిన మొదటి నెలలో ఒక సాయంత్రం, షాపు కిటకిటలాడుతున్న వేళ, పిచ్చుకకు అనుకున్న రోజు కంటే ముందే నెలసరి వచ్చింది. వాళ్ళకిచ్చిన యూనిఫాం లేత నీలం. బాత్రూం తాళంచెవి ఇన్‌చార్జి జేబులో ఉంటుంది, ఆ ఇన్‌చార్జి మగమనిషి. ఎదురుగా వరస పెరిగిపోతోంది. కదిలితే అందరికీ కనిపిస్తుంది, కదలకపోతే ఇంకా ఎక్కువవుతుంది. బిక్కచచ్చిపోయి ఎవరిదో కూరగాయల సంచి తూస్తూ నిలబడింది. అప్పుడు వెనకనుంచి ఎవరో అట్టపెట్టెలు నింపిన ట్రాలీని తోసుకొచ్చి సరిగ్గా ఆమె వీపుకు ఆనించినట్టు ఆపారు.

"కంగారు పడకు. నేను తోస్తుంటా, నువ్వు ముందు నడువు. పెట్టెలు దాటి ఎవడి చూపూ పోదులే" అందా గొంతు చెవిలో.

అలా నడిపించుకుంటూ మెట్ల కిందకి తీసుకెళ్ళింది. అక్కడొక ప్లాస్టిక్ బుట్టలో డ్యామేజీ సరుకు పడేస్తారు. సొట్టపడ్డ డబ్బాలు, మూత ఊడిన షాంపూలు, కవరు చిరిగిన ప్యాకెట్లు. వదిన అందులోంచి ఒక ప్యాడ్ల ప్యాకెట్ తీసి సగం ఆమె చేతిలో పెట్టి సగం తన సంచిలో వేసుకుంది.

"ఇది... తీసుకోవచ్చా అండీ?"

"చెత్తలో పోసేదే. చెత్తలోంచి తీసుకుంటే అదేమన్నా దొంగతనమా? మా ఇంట్లో ముగ్గురం. మీ ఇంట్లో?"

"మేమూ ముగ్గురమే."

"ఇంకేం, సరిపోయింది."

ఆ ముగ్గురూ ఎవరంటే, పిచ్చుక, బడికెళ్ళే చెల్లెలు, తల్లి. తండ్రి పోయాక తల్లి టైలరు దగ్గర్నుంచి చొక్కాలు తెచ్చుకుని ఇంట్లోనే గుండీలు కుట్టేది. నోటి దురుసు మనిషి. ఇంటద్దెకి ఇంటివాడు తలుపు కొడతాడు, కరెంటు బిల్లు కాగితం రూపంలో వస్తుంది, పాలవాడు గేటు దగ్గరే అరుస్తాడు. ఈ ఒక్క ఖర్చు మాత్రం పేరు చెప్పుకోకుండా వచ్చి పోతుంది. "ఈ ఖర్చు మాత్రం నెల తప్పదు. తప్పితే అదింకో గొడవ" అనేది తల్లి, పిల్లలు నవ్వాలా వద్దా అని చూస్తుండగానే. పిచ్చుక నెల జీతం తెచ్చి ఆమె చేతిలో పోస్తే, అన్నిటికీ పంచాక చివర్లో ప్యాడ్ల దగ్గరికి వచ్చేసరికి ఎప్పుడూ కొంచెం తక్కువే పడేది. ముందు తల్లి తన వాటా మానేసింది. ఆ వయసులో ఆమెకి రోజుల తరబడి ఆగేది కాదు. అయినా పాత దుప్పటి చింపి ముక్కలు చేసుకుని వాటితోనే వెళ్ళదీసేది. వాటిని ఉతికి, ఎవరికంటా పడకుండా ఇంట్లోనే తువ్వాళ్ళ కింద ఆరేసేది. చెమ్మ గదిలో అవి సరిగా ఆరేవి కావు. ఒళ్ళంతా దురదని గోడకానుకుని కూర్చునేది. "నాకేమైందే, మీ తాతమ్మలకి ప్యాకెట్లున్నాయా?" అని దబాయించేది. చెల్లెలు పెద్దదైన దగ్గర్నుంచీ పిచ్చుక కూడా తన వాటా తగ్గించుకుంది. ఒకటి మార్చాల్సిన వేళకి మార్చకుండా, బస్సెక్కాల్సిన దారి నడిచి, ఎలాగో చెల్లెలికి మాత్రం లోటు రానివ్వలేదు. మెట్ల కింద వదిన పంచే సగం ప్యాకెట్ లేకపోతే అది కూడా జరిగేది కాదు.

ఆ తర్వాత వదినకు ప్రమోషన్ వచ్చింది. పాత ఇన్‌చార్జిని ఇంకో బ్రాంచికి పంపేసి ఆవిణ్ణి ఫ్లోర్ ఇన్‌చార్జిని చేశారు. ఆ రోజు బిల్లింగ్ అమ్మాయిలకి పండగే. వదిన అందరికీ టీ ఇప్పించి, బాత్రూం తాళంచెవి వేలికి తగిలించుకుని గిరగిరా తిప్పుతూ, "ఇక ఇది మనదేనే!" అంది. పిచ్చుకైతే తనకే ప్రమోషన్ వచ్చినంత సంబరపడింది. ఇంటికెళ్ళి తల్లికి చెప్తే, "పోనీలే, మీలో ఒకత్తి పైకెళ్ళింది. కింద చూస్తూ ఉంటే చాలు" అంది.

కొన్నాళ్ళు చూసింది కూడా. తర్వాత్తర్వాత తాళంచెవి ఇచ్చేముందు గడియారం చూడ్డం మొదలుపెట్టింది. "త్వరగా వచ్చెయ్యండే, పైన అడుగుతున్నారు" అనేది. అది కూడా ఎవరూ తప్పు పట్టలేదు. పైనవాళ్ళు అడుగుతారు, పాపం ఆవిడేం చేస్తుంది అనుకున్నారు. ఆ తర్వాత సరుకులో తరుగు వచ్చిందని తేలింది. ఖరీదైన క్రీములు, పసిపిల్లల పాలడబ్బాలు, షేవింగ్ బ్లేడ్లు, ఏవేవో గోడౌన్‌కీ అరకీ మధ్య మాయమవుతున్నాయి. మేనేజరు అందర్నీ నిలబెట్టి, డ్యామేజీ బుట్టలోంచి పూచికపుల్ల తీసుకున్నా దొంగతనం కిందే లెక్క అని చెప్పాడు. వదిన ఆయన పక్కనే చేతులు కట్టుకుని నిలబడింది. ఆ రోజునుంచీ పిచ్చుక మెట్ల కిందకి వెళ్ళలేదు. వదిన పిలవనూ లేదు.

సరిగ్గా ఆ నెలలోనే చెల్లెలికి పెద్ద పరీక్షలు. ఆ పిల్లకి రోజులు చూసుకుంటే పరీక్షల మధ్యలో పడేట్టుంది. "క్లాసులో వెనక బెంచీ అయితే ఏదోలా ఉండొచ్చక్కా. పరీక్షలో లేవనివ్వరు, తిరగనివ్వరు" అంది గోళ్ళు కొరుక్కుంటూ.

"నేను తెస్తాగా. నువ్వు చదువుకో, ఆ సంగతి నాకొదిలెయ్" అంది పిచ్చుక. ఎలా తెస్తుందో ఆమెకే తెలీదు. అడ్వాన్స్ అడుగుదామనుకుంది, తరుగు గొడవలో అడగడానికి నోరు రాలేదు.

అలాంటప్పుడు ఒక మధ్యాహ్నం వదిన కౌంటరు దగ్గరికొచ్చి, చాలా రోజుల తర్వాత పాత గొంతుతో, "ఏమే, మా వాడెలా ఉన్నాడు?" అంది.

పిచ్చుకకి ప్రాణం లేచొచ్చింది. "నువ్వు పట్టించుకోవట్లేదని అలిగి పడుకున్నాడు వదినా."

"అలక తీరుస్తాలే. ఇలా రా ఒకసారి."

మెట్ల కింద చీకట్లో వదిన ఒక నిండు ప్యాకెట్ తీసి ఇచ్చింది. పెద్దది, మంచి రకం. పక్కన కవరు తెగి ఉంది.

"చెల్లికి పరీక్షలన్నావుగా. తీసుకెళ్ళు."

"రూలు పెట్టారు కదా వదినా..."

"ఇచ్చేది నేనైతే ఇంకా రూలేంటే? లెక్కలోంచి తీసేశాలే. సంచి అడుగున పెట్టుకో."

పిచ్చుక కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "నీ రుణం ఎలా తీర్చుకోను" అనబోతే వదిన అటు తిరిగి బుట్టలో ఏదో సర్దుతూ, "పో పో, వరస పెరిగిపోతోంది" అంది. ముఖం చూపించలేదు. అప్పుడది సిగ్గనుకుంది పిచ్చుక. కొంతమంది మేలు చేసేటప్పుడు ముఖం చూపించరు కదా.

ఆ సాయంత్రం షాపు మూసే వేళకి వెనక తలుపు దగ్గర బల్ల వేశారు. మేనేజరు, గేటు మనిషి, వదిన నిలబడి ఉన్నారు. "సంచులు చూపించి వెళ్ళండి" అన్నారు. ఈమధ్యే బిల్లింగ్‌లో చేరిన కొత్తపిల్ల దగ్గర్నుంచీ అమ్మాయిలు ఒక్కొక్కరే సంచి తెరవడం, పైపైన చూసి పంపెయ్యడం. రేడియో సంచి తెరిచి, చూసుకోండన్నట్టు తిరగేసింది కూడా. పిచ్చుకకి మాత్రం వదిన ఉందిగా అని ధైర్యం. అసలు వదిన కళ్ళలోకి చూసి కొంచెం నవ్వింది కూడా.

"నీ సంచి ఇలా పెట్టు" అన్నాడు మేనేజరు.

ఆమె సంచినే పూర్తిగా బోర్లించాడు. టిఫిన్ డబ్బా, దువ్వెన, గొడుగు, చెల్లెలికని కొన్న పెన్ను, వాటి మీద ప్యాకెట్. ఆయన దాన్ని చేత్తో ముట్టుకోలేదు. జేబులోంచి కలం తీసి దాంతో అటూ ఇటూ దొర్లించాడు. లారీలోంచి సరుకు దించే మగవాళ్ళు అక్కడే ఉన్నారు. ఒకడు దగ్గాడు, ఇంకొకడు నవ్వాపుకోడానికి అటు తిరిగాడు. పిచ్చుకకి తల తీసేసినట్టయింది. ప్యాకెట్ని కాదు, తన ఒంటి మీద బట్టలే తీసి బల్ల మీద పెట్టినట్టనిపించింది.

"ఏంటిది?"

పిచ్చుక వదిన వైపు చూసింది. ఇప్పుడు చెప్తుంది. "నేనే ఇచ్చానండీ, చిరిగింది కదా అని" అంటుంది. ఒక్క మాట. వదిన పెదాలు కదిలాయి కూడా.

"నేను ముందే హెచ్చరించాను సార్. వినలేదు" అంది వదిన.

పిచ్చుకకి మొదట ఆ మాట అర్థం కాలేదు. ఇంకెవరి గురించో అన్నదనుకుంది. మేనేజరు ఆమెను గదిలోకి తీసుకెళ్ళి, గేటు మనిషి చేత ప్యాకెట్ని బల్ల మీద పెట్టించినప్పుడు, ఆమె చూపు తెగిన కవరు మీద పడింది. పెట్టెల్లో నలిగి చిరిగితే వంకరటింకరగా చిరుగుతుంది, అంచులు సాగుతాయి. ఇది గీత గీసినట్టు తిన్నగా ఉంది. బ్లేడుతో కోసింది. ఎవరు కోశారో, ఎందుకు కోశారో ఒక్కసారిగా తెలిసొచ్చింది. మేనేజరు ఏదేదో అడుగుతున్నాడు. ఎన్నాళ్ళనుంచి, పాలడబ్బాలు ఎవరికి అమ్మావు, ఆడపిల్లవి ఇలాంటివి దొంగిలించడానికి సిగ్గు లేదా. ఆమె మాత్రం వదిననే చూస్తోంది. ఇంకా చెప్తుందేమో, ఇప్పుడైనా చెప్తుందేమో అని. వదిన గోడ మీద క్యాలెండర్ చూస్తూ నిలబడింది.

ఆ నెల జీతం తరుగు కింద ఆపేశారు. ఉద్యోగం పోయింది. పోలీసుల్ని పిలవకపోవడం మా మంచితనం అన్నారు.

ఇంటికెళ్ళి, "షాపులో మనుషుల్ని తగ్గించారమ్మా, కొత్తగా చేరినవాళ్ళని తీసేశారు" అని చెప్పింది. తల్లి గుండీ కుడుతూనే, "నువ్వు కొత్తేంటే?" అంది. తర్వాత అడగలేదు. పిచ్చుక రోజూ పొద్దున్నే తయారై పనికోసం తిరిగింది. రెండు షాపుల్లో పాత షాపుకి ఫోన్ చేసి కనుక్కుంటామన్నారు. అక్కడికి మళ్ళీ వెళ్ళలేదు. చివరికి హోటళ్ళ దుప్పట్లూ తువ్వాళ్ళూ ఉతికే లాండ్రీలో పని దొరికింది. ఆవిర్లలో నిలబడి తడి దుప్పట్లు మడతపెట్టే పని. జీతం నెల నిండాకే ఇస్తారు.

చెల్లెలి పరీక్షలు నెల నిండేదాకా ఆగలేదు.

ముందురోజు సాయంత్రం పిచ్చుక మందుల షాపు ముందు చాలాసేపు నిలబడింది. పర్సులో ఉన్నది చిన్న ప్యాకెట్‌కి కూడా చాలదు. "విడిగా ఒకటో రెండో ఇస్తారా?" అని అడిగింది. ఆ అబ్బాయి, "విడిగా ఇవ్వం" అని వెనకున్నవాళ్ళని ముందుకి రమ్మన్నాడు. ఇంటికొచ్చి, తల్లి గుడ్డల్లో బాగా ఆరినవి ఏరి, మడతలు పెట్టి, పిన్నీసులు పెట్టి ఇచ్చింది. చెల్లెలు వాటిని చూసింది, అక్కని చూసింది, తీసుకుని బాత్రూంలోకి వెళ్ళింది.

మర్నాడు చెల్లెలు పరీక్ష నుంచి మధ్యాహ్నానికే తిరిగొచ్చేసింది. వెనక పుస్తకాల సంచి అడ్డం పెట్టుకుని నడిచొచ్చింది. ఆఖరి పెద్ద ప్రశ్నలు రెండూ వచ్చినవేనట. రాస్తుండగా తడి తెలిసిందట. లేస్తే వెనక కుర్రాళ్ళు చూస్తారు, అందరి చూపూ ఇంకోవైపు ఉన్నప్పుడైతే జారుకోవచ్చని, మిగతావాళ్ళు అదనపు కాగితాలు అడుగుతున్న సందడిలో సగంలోనే పేపరు ఇచ్చేసి వచ్చేసిందట.

"నువ్వు తెస్తానన్నావుగా అక్కా" అంది. కోప్పడి అన్నా బాగుండేది. మామూలుగా అంది.

ఆ ఆదివారం ఎవరో తలుపు కొట్టారు. పిచ్చుక తీస్తే ఎదురుగా వదిన. చేతిలో గుడ్డసంచి. ఎండకి ముఖం వాడిపోయి ఉంది.

"బావున్నావా?"

పిచ్చుక గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"లోపలికి రమ్మనవా?"

"అమ్మ పడుకుంది."

వదిన మెట్టు మీదే నిలబడి సంచి ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంది. "నీకు ముఖం చూపించే హక్కు నాకు లేదు. అయినా చెప్పకుండా ఉండలేకపోతున్నానే. తరుగు నా సెక్షన్లోది. ఎవరో ఒకర్ని పట్టివ్వు, లేకపోతే నువ్వే తీశావని రాసేస్తాం అన్నారు. నా ఇద్దరు పిల్లలు గుర్తొచ్చారు. నా ఉద్యోగం పోతే వాళ్ళకి..."

"నాకూ ఇంట్లో ఇద్దరున్నారు."

"తెలుసు."

"తెలిసే చేశావు."

వదిన కొంగుతో మెడ తుడుచుకుంది. పిచ్చుక ఇన్నాళ్ళూ లాండ్రీలో దుప్పట్లు మడతపెడుతూ, దారిలో నడుస్తూ, పడుకుని కప్పు చూస్తూ తనలో తాను అడుగుతున్న ప్రశ్న అప్పుడు బయటికొచ్చింది.

"అంతమంది ఉన్నాం కదా. రేడియో ఉంది, ఆ కొత్తపిల్ల ఉంది. నేనే ఎందుకు?"

వదిన సంచి పిడిని వేలికి చుట్టుకుంది.

"వాళ్ళయితే ఊరుకోరే. అక్కడికక్కడే నా పేరు బయటపెట్టేవాళ్ళు. మెట్ల కింద పంచుకున్నదంతా చెప్పేసేవాళ్ళు. నువ్వైతే... నువ్వైతే చెప్పవని."

పిచ్చుకకి చెంప మీద కొట్టినట్టయితే కోపమైనా వచ్చేది. ఇది అలా లేదు. తను ఏ నమ్మకంతో ఆ గదిలో నోరు మూసుకుని ఎదురుచూసిందో, ఆ నమ్మకాన్నే ఈ మనిషి ముందుగా తూకం వేసి చూసుకుంది. చిన్నప్పటినుంచీ తల్లి, టీచర్లు, అందరూ మంచిపిల్ల అని మెచ్చుకున్నదేదో, అదే ఈవిడకి పనికొచ్చింది.

"చెప్పలేదుగా" అంది మెల్లగా. "నీ అంచనా తప్పలేదు."

"అలా అనకే. ఇవి నా డబ్బుతో కొన్నవి. బిల్లు కూడా ఉంది. ప్రతి నెలా తెచ్చిస్తాను, నీ చెల్లెలికి, నీకు, అమ్మకి. నా మాట నమ్ము..."

"మీరు వెళ్ళండి" అంది పిచ్చుక.

ఆ 'మీరు' వినగానే వదిన ముఖం మాడిపోయింది. సంచి మెట్టు మీద పెట్టేసి వెళ్ళిపోయింది. పిచ్చుక ఆ సంచిని తీసి వీధిలోకి విసిరేద్దామనే వంగింది. ఈలోపు వెనకనుంచి చెల్లెలు వచ్చి సంచిలోకి తొంగిచూసి, "అక్కా! ఇన్నా! ఇవి మనకేనా?" అంది. మర్నాడు ఇంకో పరీక్ష ఉంది. ఆ పిల్ల ముఖం చూశాక పిచ్చుకకి విసిరే చెయ్యి రాలేదు.

మంచం మీద నిద్రలో ఉండి, చివరి మాటలు మాత్రమే చెవిన పడ్డ తల్లి లేచి కూర్చుంది. "ఎవరే? మీ ఇన్‌చార్జా? ఉద్యోగం పోయినా గుర్తుపెట్టుకుని తెచ్చిందంటే మంచి మనిషే."

అప్పటిదాకా దాచుకున్నదంతా ఆ ఒక్కమాటకి కట్ట తెగినట్టు బయటికొచ్చేసింది. బ్లేడు కోత, బల్ల, కలంతో దొర్లించడం, లారీవాళ్ళ నవ్వు, ఆపేసిన జీతం, ఇందాక గుమ్మంలో వదిన అన్న మాట, అన్నీ చెప్పింది. తల్లి అంతా విన్నాక గుడ్డసంచి దగ్గరికి లాక్కుని ఒక్కొక్క ప్యాకెట్ తీసి చూసింది.

"ఒక నెల జీతం మింగి ఇవా తెచ్చింది? ఇంకాస్త పెద్దవి తెమ్మనాల్సిందే."

పిచ్చుకకి నవ్వొచ్చింది. నవ్వు మధ్యలోనే ఏడుపైపోయింది. తల్లి ఆమె తల ఒళ్ళోకి తీసుకుని, ఏడుపు తగ్గేదాకా ఊరుకుని, అప్పుడు అడిగింది.

"నాకెందుకు చెప్పలేదే?"

"దొంగతనం అనగానే నువ్వు కూడా నమ్ముతావేమోనని."

తల్లి చెయ్యి ఆమె జుట్టులో ఆగిపోయింది. "నిన్ను కన్నదాన్నే నేను" అంది. ఆ గొంతులో దురుసు లేదు. తర్వాత మాత్రం మళ్ళీ తన ధోరణిలోకొచ్చేసింది. "వీటిని వాడుకుందాం. మన జీతంతో వచ్చినవే. దాని చెయ్యి తాకినంత మాత్రాన పాడవ్వవు. కానీ నువ్వు చెప్పవని కదా దాని ధైర్యం? వెళ్ళి చెప్పు. ఉద్యోగం ఇవ్వరు, జీతం ఇవ్వరు, నాకూ తెలుసు. నీతో పనిచేసినవాళ్ళకి నువ్వు దొంగవి కాదని తెలియాలి. అంతే."

పిచ్చుకకి ఆ మాట బాగా పట్టింది. ఇన్నాళ్ళూ ఆమెను లోపల్లోపల తొలిచింది మేనేజరు కాదు. ఆ రోజు బల్ల దగ్గర వరసలో ఉన్న అమ్మాయిలు తన గురించి ఏమనుకుంటున్నారోనన్న బెంగ. వాళ్ళతో కలిసి తిన్నది, నవ్వింది, ఒకరి కౌంటరు ఒకరు చూసుకున్నారు. తన సంచిలో ప్యాకెట్ చూసి, మంచిపిల్ల అనుకున్న పిచ్చుక ఇలాంటిదా అనుకునుంటారు.

సోమవారం లాండ్రీ నుంచి నేరుగా షాపు దగ్గరున్న బస్టాపుకి వెళ్ళింది. కాసేపటికి రేడియో, ఆమె వెనకే కొత్తపిల్ల వచ్చారు. పిచ్చుకను చూడగానే ఇద్దరూ కొంచెం తడబడ్డారు.

"ఏమే, చిక్కిపోయావు!" అంది రేడియో. "ఎక్కడ చేస్తున్నావు? చెల్లి పరీక్షలెలా రాసింది? మీ అమ్మకి ఒళ్ళెలా ఉంది?"

"అక్కా, ఆ రోజు ప్యాకెట్ నేను తియ్యలేదు. ఆవిడే పిలిచి నా చేతిలో పెట్టింది. ఆవిడే బ్లేడుతో కోసింది."

రాత్రంతా, దారంతా కూర్చుకున్న మాటలు ఇంకా చాలా ఉన్నాయి. నిన్న ఆవిడ ఇంటికొచ్చి ఒప్పుకుందని, కావాలంటే అమ్మనడుగు అని. రేడియో వాటి దాకా రానివ్వలేదు. ఎప్పుడూ ఆగని ఆ నోరు కాసేపు మూసుకుని, రోడ్డు కేసి చూసి, "తెలుసే" అంది.

"ఏం తెలుసు?"

కొత్తపిల్ల తల దించుకుని చెప్పుతో నేల రాసింది. రేడియో గొంతు తగ్గించింది.

"ఆ పొద్దున్నే ఆవిడ చెప్పింది మాకు. సాయంత్రం సంచులు చూస్తారు, ఎవరి దగ్గరేమన్నా ఉంటే తీసి బుట్టలో పడెయ్యండని. ఒక్కొక్కరి దగ్గరికీ వచ్చి చెప్పింది."

"నాకు చెప్పలేదే."

"నీకు చెప్పొద్దంది."

బస్సు వచ్చి ఆగింది. జనం ఎక్కుతున్నారు. పిచ్చుకకి తను విన్నది నిజమేనా అనిపించింది. ఆ రోజు మధ్యాహ్నం కూడా డబ్బాలు తెరుచుకుని అందరూ కలిసి తిన్నారు. రేడియో తన డబ్బాలోంచి ఆమెకు కొంచెం ఎక్కువే పెట్టింది. అందరూ ఎప్పట్లా నవ్వారు. సాయంత్రం ఆమె వరసలో నిలబడుతుంటే చూస్తూనే ఉన్నారు. బల్ల దగ్గర రేడియో తిరగేసిన సంచీ గుర్తొచ్చింది. తన సంచిలో ఏమీ లేదని తెలిసిన మనిషి తిరగేసినట్టుంది ఆ తిరగేయడం.

"మేమేం చెయ్యగలమే? ఎవరి కడుపు వాళ్ళది" అంది రేడియో. కళ్ళల్లో నీళ్ళు నిజంగానే ఉన్నాయి. "నీ గురించి అనుకోని రోజు లేదు, ఒట్టు. రా, ఎక్కు. నీ టికెట్ నేను తీస్తా."

"నడుస్తాను."

"ఇంత దూరమా? పిచ్చా ఏంటే?"

"మీరు వెళ్ళండక్కా, బస్సు కదులుతోంది."

వాళ్ళెక్కారు. బస్సు కదిలాక కొత్తపిల్ల కిటికీలోంచి చెయ్యి ఊపబోయి ఆపేసింది. పిచ్చుక షాపు మెరుస్తున్న అద్దాల ముందునుంచి నడిచి, సందు మలుపు తిరిగింది. లాండ్రీలో రోజంతా నిలబడ్డ కాళ్ళు లాగేస్తున్నాయి. సగం దారిలో పొత్తికడుపులో మెలిపెట్టినట్టు నొప్పి మొదలైంది. ఇవాళో రేపో అనుకుంటున్నదే. మూసిన ఒక దుకాణం అరుగు మీద చెయ్యి ఆనించి, నొప్పి కొంచెం సర్దుకునేదాకా ఆగింది. ఎదురుగా వస్తున్న ఒక ముసలామె ఆగి, "ఏమ్మా, ఒంట్లో బాగోలేదా? కాసేపు పట్టుకోనా?" అని అడిగింది.

"ఏం లేదండీ. బాగానే ఉన్నాను" అంది పిచ్చుక. ముసలామె చాపిన చెయ్యి తగలకుండా కొంచెం పక్కకి జరిగి, ఇంటివైపు నడిచింది.